నాన్న పొడుగుచేతుల చొక్కా

ఆ పొద్దున ఆకాశం ఉతకని దుప్పటిలా మాసి ఉంది. ఉరుము లేదు, గాలి లేదు. సూర్యుడు ఎక్కడున్నాడో తెలియడం లేదు గానీ, తూర్పున ఒకచోట మాత్రం కాస్త తెల్లగా, మానిన పుండు మీద కొత్త తోలులాగా మెరుస్తోంది. ద్రాక్ష పండి కోతకొచ్చిన వాడికి అలాంటి ఆకాశం కన్నా గుమ్మంలో పాము నయం. పామునైతే కర్ర తీసుకుని తరమొచ్చు.

ద్రాక్ష సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పండు ముదిరేకొద్దీ లోపల తీపి పెరుగుతుంది, పైన తోలు పలచబడుతుంది. అప్పుడు నాలుగు చినుకులు పడితే చాలు, పండు నీళ్లు తాగి ఉబ్బి, తోలు చిట్లుతుంది. చిట్లిన పండు మీదికి ముందు చీమలొస్తాయి, తరవాత బూజు, ఆ తరవాత బేరగాడి నవ్వు.

అమ్మ వాకిట్లో ముక్కాలిపీట మీద కూర్చుని తల పైకెత్తి చూస్తోంది.

"ఇది కురిసే మబ్బు కాదురా. పలకరించి పోయే చుట్టం," అంది.

"చుట్టం భోంచేయకుండా పోతుందా అత్తయ్యా?" అంది నా భార్య, కత్తెరలకు నూనె పెడుతూ.

"వండేది నువ్వని తెలిస్తే పోతుంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. మా ఇంట్లో అత్తాకోడళ్ల పోట్లాట అంతా ఇలాంటిదే. వినేవాళ్లకు యుద్ధంలా ఉంటుంది, వాళ్లకేమో అది లేకపోతే అన్నం అరగదు. మాట్లాడటం నాకు మొదటినుంచీ చేతకాదు. నా వాటా మాటలు కూడా నా భార్యే మాట్లాడేది. నేను చూస్తూ ఉండేవాణ్ని.

అమ్మను చుట్టుపక్కల తోటల వాళ్లంతా కత్తెరమ్మ అనేవాళ్లు. చేతిలో కత్తెర వల్ల కొంత, నోటి వల్ల కొంత. పందిరి కింద ఆమె గుత్తి కోస్తుంటే కాడ తెగిన చప్పుడే తప్ప ఆకు కదిలిన చప్పుడు వినపడేది కాదు. పండు మీద పలచగా తెల్లని పొడిలాంటిది ఉంటుంది కదా, అది చెరిగితే పండు అందం పోయినట్టే. అందుకని కొత్తగా కోతకొచ్చిన వాళ్లెవరికైనా ఆమె చెప్పే మొదటి మాట, చివరి మాట ఒకటే. "పండును ముట్టకు. కాడ పట్టుకో." అంటు కట్టడంలోనూ ఆమె చేతిది పెద్ద పేరు. కొమ్మను ఏటవాలుగా కోసి, వేరు మొక్క మీద కూర్చోబెట్టి, సాగే ప్లాస్టిక్ పట్టీని బిగించి చుట్టి, కొస పంటితో లాగి ముడి వేసేది. ఆ పట్టీ చుట్ట ఒకటి, కాలం ఏదైనా, ఆమె జేబులో ఉండాల్సిందే.

ఆ జేబు నాన్న చొక్కాది. నాన్న పోయి చాలా ఏళ్లయింది, ఆయన పొడుగుచేతుల చొక్కా మాత్రం ఏటా కోతకొచ్చేది. ఆకు గీసుకోకుండా అమ్మ దాన్ని పైన తొడుక్కుని, చేతులు మోచేతుల దాకా మడుచుకునేది. ఆ ఏడు మడవలేదు. అంత ఉక్కలోనూ మణికట్టు దగ్గర గుండీలు పెట్టుకుంది. కుడిచేత్తో అందుకోవాల్సిన గుత్తిని చుట్టూ తిరిగి ఎడమచేత్తో అందుకుంటోంది. వీపు రుద్దుతానని నా భార్య వెళితే, "నా వీపు నాకు తెలియదా, పో," అని తలుపేసుకుంటోంది. ఇవన్నీ చూశాను. ముసలితనంలో మనుషులకు కొత్త అలవాట్లు వస్తాయి కాబోలు అనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే అక్క బస్సు దిగింది. అక్క నాకన్నా పెద్దది. ఏటా కోత మొదలవగానే వచ్చి, చివరి పెట్టె వెళ్లేదాకా ఉండేది. వస్తూనే సంచీ గుమ్మంలో పడేసి పైకి చూసింది. మబ్బు విడిపోయి ఎండ కాస్తోంది.

"చూశారా, నేను కాలు పెట్టగానే వాన పారిపోయింది."

"వానేంటి వదినా, నిన్ను చూసి మీ తమ్ముడే పారిపోయేలా ఉన్నాడు," అంది నా భార్య.

ఆ కోతకాలంలో వాళ్లిద్దరూ కలిసి నవ్వింది ఆ ఒక్కసారే.

సాయంత్రం తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటుంటే అమ్మ చొక్కా చెయ్యి తడిసింది. తడిగుడ్డతో ఉంటే జలుబు చేస్తుందని అక్క గుండీ విప్పి పైకి మడవబోయింది. అమ్మ చెయ్యి లాక్కోబోయింది గానీ అక్క పట్టు ముందు ఎవరి లాగుడూ సాగదు. చొక్కా మోచేతి దాకా వెళ్లింది.

ముంజేయి అంతా మచ్చలు. పండిన నల్లద్రాక్ష రంగులో కొన్ని, పాతబడి గోధుమరంగుకు తిరిగినవి కొన్ని. వాటికి తోడు, మణికట్టుకు పైన చుట్టూతా గాజు తొడిగినట్టు ఎర్రగా ఒరుసుకుపోయిన గీతలు.

"ఇదేంటమ్మా?"

"ఏమో. ఎక్కడో తగిలుంటుంది."

"చుట్టూ తిరిగి తగిలిందా?"

అమ్మ మాట్లాడలేదు. కత్తెరమ్మ మాట్లాడకపోవడం మా ఇంట్లో ఎవరూ ఎరగరు. అక్క ఆ చేతిని అలాగే పట్టుకుని తల తిప్పి చూసింది. నా భార్య పెట్టె ఒకటి మోసుకుని అప్పుడే వాకిట్లోకి వచ్చింది.

"మా అమ్మను కట్టేస్తున్నారా మీరు?" అంది అక్క.

నా భార్య ముందు నవ్వబోయింది, అది కూడా వదినామరదళ్ల వేళాకోళమే అనుకుని. తరవాత అమ్మ చెయ్యి చూసింది, అక్క ముఖం చూసింది. పెట్టెను గుత్తులు కదలకుండా మెల్లగా కింద పెట్టింది. అమ్మ వైపు తిరిగి, "అత్తయ్యా, చెప్పు," అంది.

అమ్మ చొక్కా చెయ్యి కిందికి దించుకుని గుండీ పెట్టుకుంటూ కూర్చుంది.

"అమ్మ చెప్పదులే, నీ ముందు ఎలా చెబుతుంది?" అంది అక్క. "కోత అయిపోనీ. అమ్మను నాతో తీసుకుపోతాను."

"అక్కా, ఆమె అలాంటి మనిషి కాదు," అన్నాను.

"నువ్వు నోరు తెరిచావంటే ఇంకా అనుమానంగా ఉందిరా," అంది అక్క.

ఆ తరవాత రోజులు మంచి ఎండలు కాశాయి. కోత బాగా సాగింది. పెట్టెలు నిండాయి, బండ్లు వచ్చాయి, పోయాయి. ఇల్లు మాత్రం మూగబోయింది. నా భార్య అమ్మకు అన్నం పెట్టి, కంచం చేతికివ్వకుండా పీట ముందు పెట్టి పక్కకు వెళ్లేది. రోజూ తల దువ్వే మనిషి దువ్వెన తీసుకెళ్లి అక్క సంచీ మీద పెట్టేసింది. ఒకసారి అమ్మ పీట మీంచి లేవలేక చెయ్యి చాపింది. నా భార్య చెయ్యి సగం దాకా వచ్చి ఆగిపోయింది. "వదినా, అత్తయ్య లేవాలంట," అని కేకేసింది. ఆ కేక నేను ఈనాటికీ మరిచిపోలేదు. దాంట్లో కోపం లేదు. ముట్టుకుంటే మచ్చ పడుతుందేమోనన్న భయం ఉంది.

పందిరి కింద నేను పక్క వరసలో ఉన్నప్పుడు ఒకసారి నా భార్య అంది, "అత్తయ్య వెళ్తే వెళ్లనీ అనుకుందామనుకున్నా. కానీ ఈ పేరు మోసుకుని ఈ ఊళ్లో ఎలా తిరగను? అత్తను కట్టేసి కొట్టిందని అంటారు. నువ్వైనా నమ్ముతున్నావా నన్ను?"

"నమ్మకపోతే ఇక్కడ నిలబడతానా?" అన్నాను.

"ఆ మాట అత్తయ్య అనాలి," అంది. కాడ తెంపింది. ఆకు కదిలింది.

అక్క మాత్రం తల్లి సేవలో మునిగిపోయింది. పొగలు కక్కే నీళ్లు పెట్టి, బట్టల సబ్బులాంటి ముతక సబ్బుతో, గరుకు పీచుతో మురికంతా పోయేలా రుద్ది స్నానం చేయించేది. "ఎన్నాళ్లయిందో అమ్మకు సరిగా స్నానం చేయించి," అని నా భార్యకు వినపడేలా అనేది. అమ్మ ఒళ్లు ఎండిన చెరువు అడుగులా పగిలింది. రాత్రుళ్లు గోక్కునేది. తెల్లారేసరికి కొత్త మచ్చలు. "నేను కళ్లు మూసుకుంటే చాలు, ఎవరో తాకుతున్నారు," అనేది అక్క.

కోత చివరికొచ్చింది. ఇంక రెండు మూడు వరసలే మిగిలాయనగా మళ్లీ మబ్బు పట్టింది. ఈసారి పలకరించి పోయే మబ్బు కాదు. గాలిలో మట్టివాసన వచ్చేస్తోంది. అందరం పరుగుల మీద కోస్తున్నాం. అమ్మను ఇంట్లో ఉండమని అక్క గట్టిగా చెప్పింది. ఎప్పుడొచ్చిందో, చొక్కా గుండీలు పెట్టుకుని, కత్తెర పట్టుకుని చివరి వరసలోకి వచ్చేసింది.

"అమ్మా, నిన్నెవరు రమ్మన్నారు?" అని అక్క అరుస్తూ వెళ్లింది.

అమ్మ ఆ అరుపుకు తిరిగింది. మొక్కల మొదట్లో నీళ్ల పైపు ఉంది, దానికి కాలు తట్టుకుంది. ముందుకు తూలిపోయింది. అక్క అందుకుంది. మేమంతా దేన్నైనా అందుకునే తీరులోనే అందుకుంది, మణికట్టు దగ్గర, కాడ పట్టినట్టు. పట్టుకుని పైకి లాగింది.

అమ్మ పడలేదు. కానీ చొక్కా చెయ్యి పైకి జరిగింది. అక్క వేళ్లు వదలగానే, ఆ వేళ్లు పడిన చోట, అద్దుడు కాగితం మీద సిరా పాకినట్టు నల్లగా కమలడం మొదలైంది. నాలుగు వేళ్లు ఒకపక్క, బొటనవేలు ఒకపక్క. బొటనవేలి దగ్గర తోలు, ముగ్గిన పండు తొక్కలా, అలా పక్కకు జరిగిపోయింది. రక్తం వచ్చింది.

అక్క తన చెయ్యి చూసుకుంది. అమ్మ చెయ్యి చూసింది. మళ్లీ తన చెయ్యి చూసుకుంది.

"భయపడకే. ఏం కాదు," అంది అమ్మ. కూతురు భయపడిందని ఆమె కంగారు. "నా దగ్గర ఉందిగా."

జేబులోంచి అంటు పట్టీ తీసింది. మేం ముగ్గురం చూస్తుండగా, ఎడమచేత్తో కుడి ముంజేతి మీద కొస ఆనించి, సాగదీసి, గబగబా చుట్టడం మొదలెట్టింది. ఎన్ని వందల కొమ్మలకు చుట్టిన చెయ్యో. చుట్టుకూ చుట్టుకూ మధ్య సందు లేదు. కొస పంటితో లాగి ముడి వేసింది. బిగుతుగా, మణికట్టుకు పైన, సరిగ్గా ఆ ఎర్ర గీతలున్న చోట.

పందిరి మీద మొదటి చినుకు పడింది.

ముందు కదిలింది నా భార్య. కత్తెర కింద పడేసి వెళ్లి, అమ్మ మోచేతి కింద తన అరచెయ్యి పెట్టింది. పట్టుకోలేదు, కింద పెట్టిందంతే, పక్షిగూడు మోసినట్టు. ఇన్నాళ్ల తరవాత అదే మొదటిసారి ఆమెను తాకడం.

"అత్తయ్యా, ఇంక చాల్లే. లాగకు. పద," అంది.

మిగిలిన గుత్తుల్ని వానకు వదిలేసి వెళ్లాం. చిట్లితే చిట్లాయి.

వీధి చివర చిన్న ఆసుపత్రిలో నర్సమ్మ ఒక్కతే ఉంది. ఆ పట్టీ చూసి, "ఇదెవరు కట్టారు?" అంది.

"నేనే. బాగానే కట్టాను కదా?" అంది అమ్మ, పనితనం మెచ్చుకుంటుందేమోనని.

"కట్టారు పెద్దమ్మా, మొక్కకు. ఎన్నాళ్లనుంచి కట్టుకుంటున్నారు ఇలా?"

"పోయిన చలికాలం నుంచి. గీసుకున్నప్పుడల్లా. బెరడు అతుక్కుంటుంది గదా, తోలు ఎందుకు అతుక్కోదు?"

"అతుక్కుంది. మీ తోలుకు పట్టీ అతుక్కుంది. విప్పినప్పుడల్లా కొత్తగా ఊడొచ్చింది."

నర్సమ్మ పట్టీని లాగలేదు. నీళ్లతో నానబెట్టి, నానబెట్టి, వెనక్కి చుట్టుకుంటూ తీసింది. చిరిగిన తోలును పారేయలేదు. తడి దూదితో మెల్లగా నెట్టి దాని చోటికి దాన్ని చేర్చింది, పిల్లకు దుప్పటి సర్దినట్టు. పైన అంటుకోని గుడ్డ వేసి, వదులుగా కట్టు కట్టింది. జిగురు పట్టీ వేయలేదు. కట్టు మీద పెన్నుతో ఒక బాణం గుర్తు గీసింది.

"విప్పేటప్పుడు ఈ బాణం వైపే విప్పాలి. ఎదురు లాగితే అతికిన తోలు లేచొస్తుంది. ఎర్రబడినా, చీము పట్టినా నన్ను పిలవండి. ఇంట్లో చూసుకునేది ఎవరు?"

అక్క నోరు తెరిచింది, మూసింది. నా భార్య నేల చూస్తోంది.

నర్సమ్మకు మా ఇంటి సంగతి తెలియదు. ఇద్దరికీ చెప్పుకుపోయింది. "ఈ వయసులో తోలు ఉల్లిపొర. కింద కొవ్వు ఉండదు, రక్తనాళాలకు దన్ను ఉండదు. ఎండలో పనిచేసిన చేతులకైతే మరీను. తలుపు గడియ తగిలినా చాలు, నల్లగా కమిలిపోతుంది. చూసినవాళ్లు ఎవరో కొట్టారనుకుంటారు. ఎవరూ కొట్టక్కర్లేదు. మీ అమ్మగారికైతే ఎప్పుడు తగిలిందో కూడా తెలియదు."

వాన రేకుల మీద గట్టిగా పడుతోంది. అక్క గోడకు ఆనుకుంది.

"స్నానం ఎలా చేయిస్తున్నారు? ఒళ్లు ఇలా పగిలిందేం?"

అక్క చెప్పింది. ఎంత వేడి, ఏ సబ్బు, ఏ పీచు. చెబుతూ చెబుతూ గొంతు తగ్గిపోయింది.

"గోరువెచ్చని నీళ్లు చాలు. సబ్బు ముతకది వద్దు, ఒళ్లంతా వద్దు. తుడవడం కూడా రుద్దొద్దు, మెత్తటి గుడ్డ అద్దండి. ఇంకా కాస్త తడి ఉండగానే వాసన లేని క్రీము పైనుంచి కిందికి, వెంట్రుక వాలిన వైపు రాయండి. పొద్దునా సాయంత్రం. నీళ్లు తాగించండి. ఆమె గోళ్లే కాదు, మీ గోళ్లు కూడా కత్తిరించుకోండి. మంచం కోళ్లకు, గడప మూలలకు గుడ్డ చుట్టండి. ఇంకోటి, లేపేటప్పుడు మణికట్టు పట్టుకుని లాగొద్దు. కింద అరచెయ్యి పెట్టండి, ఆమె బరువు మీ చేతి మీద ఆనాలి."

పుట్టినప్పటినుంచి పండును ముట్టకుండా కాడ పట్టుకునే మనుషులం మేం. మనిషిని కూడా అలాగే పట్టుకోవడం ఎంత అలవాటైపోయిందో ఆ రోజే తెలిసింది. ఎవరు నేర్పారంటే అమ్మే నేర్పింది.

"తోటలోకి వెళ్లొచ్చా?" అంది అమ్మ. అంతసేపూ ఆమె వినడానికి కూర్చున్నది ఆ ఒక్క జవాబు కోసమే.

"పొడుగుచేతుల చొక్కా వేసుకుంటే వెళ్లొచ్చు."

"వేసుకునే ఉన్నాను," అంది అమ్మ, చిన్నపిల్లలా.

అప్పుడు అర్థమైంది నాకు. గాయమైందని తెలిస్తే పందిరి కిందికి రానివ్వరని దాచింది. దాచిందాన్ని దాచడానికి కోడలి తరఫున అనాల్సిన మాట కూడా దాచింది.

తిరిగొస్తుంటే దారిలో అక్క ముందు నడిచింది, ఒక్కతే, తడుస్తూ. గొడుగు కింద అమ్మ, నా భార్య. అమ్మ చెయ్యి నా భార్య అరచేతిలో ఉంది.

"కత్తెర నోరంటారు నాది. ఆ రోజు తెరుచుకోలేదే," అంది అమ్మ.



"ఒక్క మాట అనుంటే సరిపోయేది అత్తయ్యా."

"అంటే కత్తెర లాక్కునేవాళ్లు గదే."

"నా ముఖం గుర్తురాలేదా?"

"వచ్చింది. రోజూ వచ్చింది." కొంచెం దూరం నడిచాక మళ్లీ అంది, "ముల్లు ఆకు మీద పడ్డా, ఆకు ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే అంటారు. నేను ఆకుననుకున్నా. నిన్ను ముల్లును చేశాను."

నా భార్య గొడుగును కొద్దిగా అమ్మ వైపు వంచింది. ఆమె భుజం తడిసింది.

ఆ తోట ఇప్పుడు నా కొడుకు చూస్తున్నాడు. అమ్మ ఆ తరవాత ఇంకా కొన్ని కోతలు చూసింది, నాన్న చొక్కా గుండీలు పెట్టుకుని, నీడలో కూర్చుని, వచ్చేపోయేవాళ్లను తిడుతూ. ఇప్పుడు నా ముంజేతుల మీద కూడా నల్లద్రాక్ష రంగు మచ్చలు వస్తున్నాయి. ఎక్కడ తగిలిందో తెలియదు. స్నానమయ్యాక తడి ఆరకముందే నా భార్య క్రీము తెస్తుంది, పైనుంచి కిందికి రాస్తుంది. లేపేటప్పుడు అరచెయ్యి కింద పెడుతుంది. ఆ చెయ్యి తగలగానే నాకు వానవాసన వస్తుంది, ఆ సాయంత్రం గుర్తొస్తుంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక అక్క తన సంచీ తెరిచింది. అప్పటికే సర్ది పెట్టుకున్న అమ్మ బట్టలు ఒక్కొక్కటీ తీసి, అరలో, ఎక్కడివక్కడ పెట్టింది. దువ్వెన తెచ్చి నా భార్య గూట్లో పెట్టింది. వంటింట్లోకి వెళ్లి నలుగురికీ తనే వడ్డించింది. అమ్మ కుడిచేతికి కట్టు ఉంది, తన చేత్తో తినే వీలు లేదు. నా భార్య ముందు పెట్టి వెళ్లిపోయిన కంచంలో ఇన్నాళ్లూ అన్నం కలిపిచ్చింది అక్కే. ఆ రోజు కూడా అమ్మ కంచంలో అన్నం మెత్తగా కలిపింది. కలిపి, కంచం ఎత్తి, అమ్మ ముందు కాకుండా నా భార్య ముందు పెట్టింది.

నా భార్య ఆ కంచం వైపు చూసింది. తరవాత అక్క వైపు చూసింది. అక్క తన కంచంలోకి తల వంచుకుంది.

నా భార్య జరిగి అమ్మ పక్కన కూర్చుంది. ముద్ద చేసింది. అమ్మ నోరు తెరిచింది. బయట వాన పడుతూనే ఉంది, మిగిలిన వరసల్లో పండ్లు చిట్లుతూనే ఉన్నాయి. అందరం తిన్నాం.